యేసు శిష్యుడు తోమా చెన్నై వచ్చాడనడానికి చారిత్రక ఆధారం ఉందా? విశ్వాసులతో ఎలా వాదించాలి?

చెన్నైలో మనవాళ్ళ మధ్య ఈ వాదన వస్తే యేసు ఉన్నాడా, తోమా ఇక్కడికి వచ్చాడా అనే రెండు ప్రశ్నలు కలిపేస్తారు, ముందు వాటిని విడదీయండి. యేసు అనే మనిషి ఉన్నాడనే ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకుంటారు, వాళ్ళలో నాస్తికులూ ఉన్నారు. రోమన్ గవర్నర్ పిలాతు హయాంలో ఆయనకు మరణశిక్ష పడిందని క్రీ.శ. 116 ప్రాంతంలో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. యేసే లేడని ఇక్కడ మొండికేస్తే మీ మాటకే విలువ పోతుంది.

తోమా సంగతి వేరు. క్రీ.శ. 52లో కేరళకు వచ్చి 72లో చెన్నైలోని సెయింట్ థామస్ మౌంట్ అనే కొండ మీద చనిపోయాడన్నది సంప్రదాయమే, ఆ కాలపు రాత ఒక్కటీ లేదు. ఆయన కథ చెప్పే 'తోమా కార్యాలు' అనే పాత క్రైస్తవ గ్రంథం 3వ శతాబ్దానిది, అందులో చెన్నైలోని మైలాపూర్ పేరే రాదు. కొండ మీద 1547లో దొరికిన పహ్లవీ (పాత పర్షియన్ భాష) శాసనపు శిలువ కూడా ఆయన తర్వాత కొన్ని శతాబ్దాలకు చెక్కిందే. "రుజువైంది" అన్నవాళ్ళని వాళ్ళు చూపే రాత ఏ కాలానిదో అడగండి, మర్యాదగా.