గ్రహశకలం సంగతి తర్వాత, ముందు ఆ నిద్రమాత్ర సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 38. గ్రహశకలం భూమిని ఢీకొంటుందన్న వార్తలు చూసినప్పటి నుంచి యుగాంతం ఆలోచనలే వస్తున్నాయి. రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో ఆ వీడియోలే చూస్తున్నాను. గుండెదడ, చెమటలు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్ర ఆల్‌ప్రజోలం 0.5 ఎంజీ నాలుగు నెలలుగా వాడుతున్నాను. మొదట ఒకటి, ఇప్పుడు రెండు. అప్పుడప్పుడు పైన మద్యం కూడా. మళ్లీ మహమ్మారి వస్తే పనికొస్తుందని అజిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ కొని పెట్టుకున్నాను. అన్నీ పోయేవే అయినప్పుడు పిల్లల ఫీజులు కట్టడం దేనికనిపిస్తోంది. ప్రపంచం దేనివల్ల అంతమయ్యే అవకాశం ఎక్కువో డాక్టర్‌గా చెప్పగలరా? – ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: మీరు అడిగిన దానికంటే, మధ్యలో మామూలుగా రాసేసిన రెండు మాటలు నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. మొదటిది ఆల్‌ప్రజోలం. అది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, మీరు కొనకూడదు. ఒకటి చాలక రెండు వేసుకోవాల్సి రావడమంటే శరీరం ఆ మందుకు అలవాటు పడిందని అనుమానించాలి. దానిపై మద్యం తాగితే నిద్రలో శ్వాస మందగించి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి మాత్ర వేసుకున్న రోజు మద్యం అసలు ముట్టవద్దు. అలాగని ఈ జవాబు చదివి మాత్రను ఈ రాత్రే మానేయకండి. నెలల తరబడి వాడిన ఈ మందును ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్ పర్యవేక్షణలో, వారాల వ్యవధిలో, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

గుండెదడ భయం వల్లే అని మీరూ నిర్ధారించుకోవద్దు, మిమ్మల్ని పరీక్షించకుండా నేనూ నిర్ధారించలేను. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా, గుండె లయలో తేడా ఉన్నా ఇలాగే ఉంటుంది. బీపీ, ఈసీజీ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకోండి. ఛాతీనొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక మీ ప్రశ్న. మిమ్మల్ని భయపెట్టింది బహుశా 2024 వైఆర్4 అనే గ్రహశకలం కావచ్చు. అది 2032లో భూమిని తాకే అవకాశం 3.1 శాతమని 2025 ఫిబ్రవరిలో లెక్కగట్టారు. కొత్త పరిశీలనలు రాగానే, వారం తిరక్కుండా, అది దాదాపు సున్నాకు పడిపోయింది. సుమారు 60 మీటర్ల రాయి అది. పడితే ఒక నగరానికి ముప్పు గానీ ప్రపంచానికి కాదు. 2013లో రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద 20 మీటర్ల ఉల్క పేలినప్పుడు సుమారు 1,500 మంది గాయపడ్డారు. వాళ్లలో ఎక్కువ మందికి తగిలినవి పగిలిన కిటికీ అద్దాలే. 1979 జూలైలో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం పడుతుందని మన ఊళ్లలో ఎంత హడలిపోయారో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. దాని శకలాలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అణుయుద్ధం, కొత్త మహమ్మారి రానే రావని మాత్రం నేను చెప్పలేను, చెప్పినా అది అబద్ధమే అవుతుంది.

అయితే, వైద్యుడిగా నాకు భయం కలిగించే విపత్తు ఒకటి మీ బీరువాలోనే ఉంది. అజిత్రోమైసిన్ వైరస్‌లపై పనిచేయదు. అవసరం లేకుండా, చాలీచాలని మోతాదులో యాంటీబయోటిక్స్ వాడితే బ్యాక్టీరియా వాటికి లొంగకుండా తయారవుతుంది. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ ప్రసంగంలో, ఈ హెచ్చరిక చేశారు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. మామూలు మూత్ర ఇన్ఫెక్షన్‌కు కూడా ఇంజెక్షన్ల కోసం అడ్మిట్ చేయాల్సి వస్తున్న రోగులను చూస్తున్నాం కనుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. జలుబుకో జ్వరానికో మీ అంతట మీరు ఆ మాత్రలు మింగకండి, పిల్లలకు అసలే వేయకండి.

రెండో మాట, పిల్లల ఫీజులు దేనికి అన్నది. అది ఆందోళనతో పాటు డిప్రెషన్‌కూ లక్షణం కావచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని మీరు ఎదురుగా ఉంటే తప్పకుండా అడిగేవాణ్ని. వచ్చి ఉంటే ఈరోజే ఇంట్లో చెప్పండి. మాత్రలన్నీ మీ భార్యకో అన్నదమ్ములకో అప్పగించి, రోజుకు ఎన్ని కావాలో అన్నే తీసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. నాలుగు నెలలు ఆగారు, ఇది ఆగాల్సిన విషయం కాదు. ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి. మందులతో పాటు కౌన్సెలింగ్ కూడా బాగా పనిచేసే సమస్య ఇది. పడుకునే గదిలో ఫోన్ పెట్టుకోకండి. వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. ఎన్ని వేసుకుంటున్నారో, ఎంత తాగుతున్నారో తగ్గించకుండా చెప్పండి.