యుద్ధం గురించి రాసేముందు పద్దులు చదువు

నల్గొండ

తమ్మీ,

యుద్ధంలో పార్లమెంటు పాత్ర మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివిన. సూర్యాపేటలోని కర్నల్ సంతోష్ బాబు విగ్రహంతో మొదలుపెట్టినవు, బాగుంది. రెండో పేరాలో మాత్రం "పార్లమెంటు యుద్ధం ప్రకటిస్తుంది" అన్నవు. అది కొట్టెయ్. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో ఆయన ప్రాణం పోయిననాడు ఏ యుద్ధ ప్రకటనా లేదు. యుద్ధానికి సభల ముందస్తు అనుమతి కావాలని మన రాజ్యాంగంలో ఎక్కడా రాయలేదు. నిర్ణయం మంత్రిమండలిది. సభల చేతిలో ఉన్నది పైసలు, చట్టం.

పైసల దగ్గర ఎక్కువసేపు ఆగు. పద్దు అంటే ఖర్చుకు పైసలియ్యుమని ప్రభుత్వం లోక్‌సభను అడిగే బడ్జెట్ లెక్క. రక్షణ శాఖకు నాలుగు పద్దులుంటయి: సివిల్, పింఛన్లు, రెవెన్యూ, మూలధనం. 2025-26లో అన్నీ కలిపి 6.81 లక్షల కోట్లు, అందులో మూలధనం 1.80 లక్షల కోట్లు. కొత్తగా రాసేవాళ్లు మూలధనం అంకె ఒక్కటే పట్టుకుంటరు. విమానాలు, ఫిరంగులు దాంట్లో వస్తయి నిజమే, కానీ తూటాలు, గుండ్లు కొనేది రెవెన్యూ పద్దులో. అది చూడకుంటే సంసిద్ధత అర్థం కాదు.

ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2015లో ఇచ్చిన నివేదిక ముందు పెట్టుకో. నలభై రోజుల ముమ్మర యుద్ధానికి నిల్వ ఉండాలన్నది లెక్క. 2013 మార్చి నాటికి 170 రకాల మందుగుండులో 17 రకాలే అంత ఉన్నయి. సగం రకాలు పది రోజులకు కూడా చాలవు. ఫ్యాక్టరీల నుంచి అడిగినంత రాలేదు, దిగుమతులు కదలలేదు. నడుమ ఏడాదిలో అనుబంధ పద్దు (బడ్జెట్‌కు అదనంగా అడిగేది) పెట్టి సభ పైసలిచ్చినా, గుండు తెల్లారేసరికి తయారు కాదు. వాన పడ్డంక విత్తనాలకు ఉరికినట్టే.

ఈ పద్దులను విడివిడిగా పరిశీలించేది పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం (ఎంపీల కమిటీ): లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. సభలో చర్చ దొరుకుతదన్న నమ్మకం లేదు. 2018లో అన్ని శాఖల పద్దులూ చర్చ లేకుండా గిలెటిన్‌తో, అంటే అన్నిటినీ ఒక్కసారే ఓటుకు పెట్టి, పాసయినయి. అందుకే సంఘం నివేదికనూ, దానిమీద ప్రభుత్వమిచ్చిన జవాబునూ పక్కపక్కన పెట్టి చదువు.

చట్టం సంగతి చిన్నగా చెప్పు. 352వ అధికరణ కింద అత్యవసర పరిస్థితికి కేంద్ర క్యాబినెట్ రాతపూర్వక సలహా కావాలె, నెలలోపు రెండు సభలూ ప్రత్యేక మెజారిటీతో (మొత్తం సభ్యుల్లో సగానికి మించి, ఓటేసినోళ్లలో మూడింట రెండొంతులు) ఒప్పుకోవాలె, ఆరు నెలలకోసారి మళ్లీ ఒప్పుకోవాలె. 1962లో భారత రక్షణ చట్టం వచ్చింది డిసెంబర్‌లో. చైనా నవంబర్ 21నే కాల్పుల విరమణ ప్రకటించింది. చట్టం వచ్చేదాక ఆర్డినెన్సుతోనే నడిపిన్రు. ఈ రెండు తేదీలు తప్పక రాయి.

రెండో పేరా నుంచి తిరగరాసి పంపు. విగ్రహం పేరా ముట్టుకోకు.

మీ అన్న