డెన్వర్ వెళ్తున్న మేనల్లుడికి

చి. కార్తీక్‌కి మామయ్య ఆశీస్సులు.

శుక్రవారం డెన్వర్ చేరి, ఆదివారం దాకా ఉండి, మూడు ఆటలూ చూసొస్తామని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. చాలా సంతోషం. మన శాన్ డియాగో ప్యాడ్రెస్ టీమ్ వెంట వేరే ఊరు వెళ్లి సిరీస్ మొత్తం చూస్తే బేస్‌బాల్ బాగా ఒంటబడుతుంది. కానీ చివర్లో "రాకీస్ కదా మామయ్యా, మూడూ మనవే" అన్నావు చూడు, నా అభ్యంతరమల్లా ఆ మాట మీదే. విమానం ఎక్కేలోపు దాన్ని మనసులోంచి తీసెయ్.

డెన్వర్ టీమ్ రాకీస్ ఎంత కష్టంలో ఉన్నారో నాకు తెలియక కాదు. 2025లో 162 ఆటల్లో 119 ఓడిపోయారు. ఆ ఏడాది మే 10న, నువ్వు వెళ్తున్న కూర్స్ ఫీల్డ్‌లోనే మన ప్యాడ్రెస్ వాళ్లు 21-0తో గెలిచారు. మన పిచర్ (బంతి వేసేవాడు) స్టీఫెన్ కోలెక్ ఒక్కడే ఆట మొత్తం, తొమ్మిది ఇన్నింగ్సూ వేశాడు, అంటే మన బుల్‌పెన్‌కి, తర్వాత దిగాల్సిన పిచర్లకి, ఆ రోజు పూర్తి విశ్రాంతి. ఇక ఆదివారం ఆట లాంఛనమే అనుకున్నారు అందరూ. మర్నాడు రాకీస్ 9-3తో గెలిచారు. గెలిచిన రోజే వాళ్ల మేనేజర్ బడ్ బ్లాక్‌ని తీసేశారు. ఆయన అంతకుముందు చాలా ఏళ్లు మన ప్యాడ్రెస్‌ని నడిపించినవాడే. పాపం, నాకు చాలా బాధ వేసింది. శనివారం కొట్టిన 21 రన్స్‌లో ఒక్కటి కూడా ఆదివారానికి పనికి రాలేదు. అందుకే ప్రతి రోజూ స్కోరు సున్నా-సున్నా దగ్గరే ఉందనుకుని సీట్లో కూర్చో.

ఇంకా పాత సంగతి ఒకటుంది. 2007లో సీజన్ ముగిసేసరికి మనమూ రాకీసూ సమంగా నిలిచాం. ప్లేఆఫ్స్‌కి (టైటిల్ కోసం సీజన్ తర్వాత ఆడే ఆటలకి) ఎవరు వెళ్లాలో తేల్చడానికి కూర్స్ ఫీల్డ్‌లో 163వ ఆట పెట్టారు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలక ఆట సాగింది. పదమూడో ఇన్నింగ్స్‌లో స్కాట్ హెయిర్‌స్టన్ హోమ్ రన్‌తో (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) మనం 8-6 ముందున్నాం, బంతి మన ఆటలు ముగించే పిచర్ ట్రెవర్ హాఫ్‌మన్ చేతిలో ఉంది. అలాంటి ఆట 9-8తో పోయింది. మ్యాట్ హాలిడే ఆఖరి రన్‌కి జారుతూ వచ్చినప్పుడు రన్ పూర్తవ్వాలంటే తాకాల్సిన హోమ్ ప్లేట్ తాకాడా లేదా అని శాన్ డియాగోలో మా వయసు వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. తాకలేదనే నా నమ్మకం.

"ఒక్క ఆట పోతే ఏమవుతుంది" అనకు. 2023 నుంచి మన డివిజన్‌లోని (రాకీస్ కూడా ఉన్న ఐదు టీమ్‌ల గుంపు) ఒక్కో టీమ్‌తో 13 ఆటలే, అంతకుముందు 19 ఉండేవి. అడుగున ఉన్న టీమ్‌తో ఆడే అవకాశమే తగ్గింది. 2025లో అదే డివిజన్‌లోని లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 93 గెలిచారు, మనం 90. ఆ మూడు ఆటల తేడాతోనే డివిజన్ పోయింది. డివిజన్ గెలవని టీమ్‌లకిచ్చే వైల్డ్ కార్డ్‌తో ప్లేఆఫ్స్‌లో చికాగో వెళ్లి, కబ్స్ సొంత మైదానంలో ఆడి ఓడి వచ్చాం.

ఇప్పుడు ఆట ఎలా చూడాలో చెప్తాను. క్రికెట్‌లో పిచ్ చూసి అంచనా వేస్తాం కదా, డెన్వర్‌లో గాలిని బట్టి వేసుకోవాలి. ఊరు 5,280 అడుగుల ఎత్తున ఉంది. పలచటి గాలిలో బంతి ఎక్కువ దూరం పోతుంది, అది అందరికీ తెలుసు. దానికంటే ముఖ్యమైనది, కర్వ్‌బాల్, స్లైడర్ లాంటి వంపు బంతులు అక్కడ సరిగా వంపు తిరగవు. వంపు మీదే బతికే పిచర్ ఎవరైనా మొదటి రెండు ఇన్నింగ్స్‌లోనే తడబడితే ఆశ్చర్యపోకు. బంతులు మరీ ఎండిపోకుండా 2002 నుంచి తేమ ఉండే గదిలో దాచి వాడుతున్నారు. దాంతో హోమ్ రన్స్ కొంత తగ్గాయి. కానీ అవుట్‌ఫీల్డ్ చాలా విశాలం. ఫీల్డర్ల మధ్య పడ్డ మామూలు దెబ్బకి కూడా బ్యాటర్ రెండో బేస్ చేరి అది డబుల్ అయిపోతుంది. అందుకే అక్కడ ఐదు రన్స్ ఆధిక్యం ఉన్నా ఏడో ఇన్నింగ్స్‌లో లేచి వెళ్లిపోవద్దు.

శుక్రవారం నీ కళ్లు స్కోర్‌బోర్డ్ కంటే బుల్‌పెన్ మీద ఎక్కువ ఉండాలి. మన స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్) ఎన్ని ఇన్నింగ్స్ లాగాడు, తర్వాత ఎంతమంది రిలీవర్లు వచ్చారు, ఎవరు ఎన్ని బంతులు వేశారు, ఇవి ఫోన్‌లో రాసి పెట్టుకో. అలసిన చేతులు ఎవరివో శనివారం రాత్రికే నీకు తెలిసిపోతుంది. ఆదివారం ఆట చాలావరకు అక్కడే తేలుతుంది.

ఎయిర్‌పోర్ట్ నుంచి యూనియన్ స్టేషన్ దాకా రైలు ఉంది, స్టేడియం అక్కడి నుంచి నడిచే దూరమే. మూడో బేస్ వైపు సీట్లకి నీడ త్వరగా వస్తుంది. మొదటి బేస్ వైపు, పై అంతస్తులో కూర్చుంటే కొండలు కనిపిస్తాయి, కానీ సాయంత్రం ఎండ కళ్లలో పడుతుంది. ఒక్కో రోజు ఒక్కో వైపు తీసుకోండి. పైన ఊదా రంగు సీట్ల వరుస ఒకటుంటుంది, సముద్ర మట్టానికి సరిగ్గా మైలు ఎత్తు అది, ఎక్కి చూడు. నీళ్లు మాత్రం దాహం వేయకముందే తాగుతూ ఉండు. ఆ ఎత్తుకి తలనొప్పి వస్తే ఆట మీద మనసు నిలవదు.

మన జెర్సీ వేసుకునే వెళ్లు, గట్టిగా కేకలు వెయ్యి. కానీ పక్కన ఉన్న రాకీస్ అభిమానిని మాత్రం వెక్కిరించకు. 119 ఓటముల ఏడాదిలో కూడా ఆ స్టేడియానికి దాదాపు 24 లక్షల మంది వచ్చారు. ఓడే టీమ్ కోసం టికెట్ కొనుక్కుని వచ్చిన మనిషంటే నాకు గౌరవం. మనవాళ్లూ 1969లో, మొదటి సీజన్‌లోనే, 110 ఓడారు. ఆ రోజుల్లో వదలకుండా వచ్చినవాళ్లు ఉండబట్టే ఇవాళ నువ్వు ఈ టీమ్ వెంట తిరుగుతున్నావు. పక్కాయనతో మాట కలుపు, వాళ్ల కుర్ర పిచర్ల గురించి అడుగు. ఏ విశ్లేషణలోనూ దొరకని సంగతులు చెప్తాడు.

ఇంకొక్కటి. సిరీస్ అయ్యాక టీమ్ ఆ ఎత్తు నుంచి మళ్లీ కిందికి దిగుతుంది. అప్పుడు ఒకట్రెండు ఆటల్లో మనవాళ్లు గాలిలో బ్యాట్ ఊపుతుంటే తిట్టుకోకు. మూడు రోజులు వంపు తక్కువ బంతులు చూసిన కళ్లు మళ్లీ అలవాటు పడాలి కదా. ఆ ఆటలు మన ఇంట్లోనే చూద్దాం, నువ్వు రాసుకున్న లెక్కలు పట్టుకుని రా.

ఇట్లు,
మామయ్య