కాల్చినా పూసలు విరుగుతున్నాయా? వేడి చాల్లేదండీ

110 డిగ్రీల్లో 20 నిమిషాలు పెట్టినా పాలిమర్ క్లే పూసలు పుటుక్కున విరుగుతున్నాయన్నారు కదండీ. క్లే మంచిదే, సరిగ్గా కాలలేదంతే. ఇది నిజానికి మట్టి కాదు, పీవీసీ అనే ప్లాస్టిక్ పొడి, దాన్ని మెత్తగా ఉంచే ద్రవం కలిపిన ముద్ద. వేడి లోపలిదాకా పట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటేనే బలం.

ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) డయల్‌ని నమ్మకండి, లోపల ఓవెన్ థర్మామీటర్ పెట్టండి. ప్యాకెట్ మీదున్న వేడే పాటించండి. స్కల్పీ ప్రీమో బ్రాండ్ క్లే అయితే 135 డిగ్రీలు, 6 మిల్లీమీటర్ల మందానికి 30 నిమిషాలు. పైన అల్యూమినియం ఫాయిల్ కప్పితే రంగు మాడదు. విరగకుండా మిగిలినవి మళ్లీ కాల్చుకోవచ్చు. పల్చటి ముక్క ఒకటి పక్కన పెట్టి, చల్లారాక వంచండి. విరక్కుండా వంగితే కాలినట్టే. ఘాటు పొగ వస్తే వెంటనే ఆపి కిటికీలు తీయండి.

బెజవాడ ఎండకి ముద్ద జిగురై వేలిముద్రలు పడుతుంటే 10 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. నీళ్లు మాత్రం కలపొద్దు.