పాత నోట్స్‌లో పదాలు మారిస్తే చాలా? పిల్లల మానసిక ఆరోగ్యం కోర్సు చెప్పిన అనుభవంతో

డిగ్రీ విద్యార్థులకు పిల్లల మానసిక ఆరోగ్యం కోర్సు మీకు కొత్తగా అప్పగించారు. చేతికొచ్చిన నోట్స్ పాతవి, క్లాసులకు మూడు వారాలే టైముంది. పాత పదాల చోట కొత్తవి పెట్టేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. నేను మొదటి ఏడాది అచ్చం అదే చేశాను, కాబట్టి ఏం జరిగిందో చెబుతాను.

'మెంటల్ రిటార్డేషన్' ఉన్న ప్రతిచోటా 'ఇంటలెక్చువల్ డిజెబిలిటీ' అని, తెలుగు నోట్స్‌లో 'బుద్ధిమాంద్యం' ఉన్నచోటల్లా 'మేధో వైకల్యం' అని కంప్యూటర్‌లో ఒక్క దెబ్బకి మార్చేశాను. క్లాసులో స్లైడ్ వేశాక చూస్తే పైన కొత్త పేరు, కింద పాత పట్టిక. ఐక్యూ 50 నుంచి 69 అయితే తేలికపాటి, 35 నుంచి 49 అయితే మధ్యస్థం అంటూ. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ మార్గదర్శక గ్రంథంలో 2013లో వచ్చిన ఐదో కూర్పు, అంటే డీఎస్‌ఎమ్-5 మార్చింది పేరొక్కటే కాదు, ఈ లెక్కను కూడా. తీవ్రత ఎంతో ఐక్యూ అంకెను చూసి చెప్పొద్దంది. చదువు, డబ్బు, టైము లాంటివి ఆ పిల్లలకు ఎంతవరకు అర్థమవుతున్నాయి, నలుగురితో ఎలా మెలుగుతున్నారు, తమ పనులు తాము ఎంతవరకు చేసుకోగలుగుతున్నారు అన్నవి చూసి చెప్పమంది. ఎవరికి ఎంత సాయం కావాలో తేల్చేవి అవే కదా. నేను బోర్డు మార్చి లోపలి సరుకు పాతదే ఉంచాను. ఇంకో పొరపాటు కూడా జరిగింది. పుస్తకాల జాబితాలో ఉన్న పాత వ్యాసాల శీర్షికల్లో కూడా పదం మారిపోయింది. ఒక కుర్రాడు లైబ్రరీలో రెండు రోజులు వెతికి, ఆ పేరుతో వ్యాసమే లేదని వచ్చి చెప్పాడు.

అప్పుడు కూడా నాకు పూర్తిగా అర్థం కాలేదు. అర్థమయ్యేలా చేసింది ఒక విద్యార్థిని.

ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో నోరు విప్పలేని పిల్లల పరిస్థితికి ఆ నోట్స్‌లో 'ఎలెక్టివ్ మ్యూటిజం' అని ఉండేది. నేను తెలుగులో 'ఐచ్ఛిక మౌనం' అని చెప్పాను. క్లాసయ్యాక ఆ అమ్మాయి అందరూ వెళ్లేదాకా ఆగింది. నోట్‌బుక్ తెరిచి చూపించింది. ఆ మాట కింద పెన్నుతో గీత గీసి ఉంది, వెనక పేజీలో అచ్చు పడేంత గట్టిగా. "మేడమ్, ఇందులో ఇచ్ఛ ఎక్కడుంది? రెండో తరగతి మొత్తం నేను బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. హాజరు పిలిచినప్పుడు మాట గొంతుదాకా వచ్చేది, బయటికి వచ్చేది కాదు. మొండిదాన్నని బెంచీ ఎక్కించేవాళ్లు" అంది. నాకు నోట మాట రాలేదు. ఆమె అనుమతితోనే ఈ సంగతి అప్పటినుంచి ప్రతి బ్యాచ్‌కీ చెబుతున్నాను.

ఆ పేరు మారిందీ సరిగ్గా ఆమె అన్న కారణానికే. 'ఎలెక్టివ్' అంటే పిల్లలే కావాలని నోరు మూసుకున్నారన్న అర్థం వస్తుంది. 1994లో డీఎస్‌ఎమ్-4 దాన్ని 'సెలెక్టివ్ మ్యూటిజం' చేసింది. 2013లో అది ఆందోళన రుగ్మతల్లో చేరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ అయిన ఐసీడీ-10లో మాత్రం పాత పేరే కొనసాగి, ఐసీడీ-11లో మారింది. తెలుగులో చెప్పేవాళ్లకి ఇక్కడ ఇంకో చిక్కుంది. 'సెలెక్టివ్'ని 'ఎంపిక చేసుకున్న మౌనం' అని అనువదిస్తే మళ్లీ తప్పంతా పిల్లల మీదికే వస్తుంది. మాట రావడం, రాకపోవడం సందర్భాన్ని బట్టి ఉంటుంది, అది పిల్లలు ఎంచుకునేది కాదు. అందుకే నేను 'కొన్నిచోట్ల మాట రాకపోవడం' అని విడమరిచి చెబుతాను. పొడవైనా పర్వాలేదు.

కాబట్టి నా సలహా ఒక్కటే. ప్రతి పదం దగ్గరా ఆగి, ఇది ఎందుకు మారింది అని అడగండి. జవాబు దొరికితే అక్కడ ఇంకేం మార్చాలో దానంతట అదే తెలుస్తుంది. ఉదాహరణకి ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం లక్షణాలుగా ఉండే ఏడీహెచ్‌డీలో 'రకాలు' అనడం మానేసి 'ప్రెజెంటేషన్లు' అంటున్నారు. ఒకే అబ్బాయి ఎనిమిదేళ్లప్పుడు కుదురుగా కూర్చోలేక, పదిహేనేళ్లప్పుడు కేవలం ధ్యాస నిలవక ఇబ్బంది పడొచ్చు. రకం అంటే ముద్ర వేసినట్టు, ప్రెజెంటేషన్ అంటే ఇప్పుడు కనబడే తీరు. లక్షణాలు ఏ వయసులోపు కనబడాలన్న హద్దు కూడా 7 నుంచి 12 ఏళ్లకు మారింది, పాత నోట్స్‌లో అది దిద్దుకోండి. మాటలు ఆలస్యం కాని, ఆటిజం లాంటి పరిస్థితికి వాడిన 'ఆస్పర్జర్స్' అన్న పేరు సంగతి మీకు తెలిసే ఉంటుంది, 2013 నుంచి డీఎస్‌ఎమ్‌లో అది ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిసిపోయింది. అయితే ఆ పేరుతోనే నిర్ధారణ అయి, దాన్ని తమదిగా చెప్పుకునే పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్లను సరిదిద్దకూడదని విద్యార్థులకు తప్పకుండా చెప్పండి.

రోగనిర్ధారణ పేర్ల కంటే మన క్రియాపదాలే నన్ను ఎక్కువ కష్టపెట్టాయి. 'ఆటిజంతో బాధపడుతున్న బాబు' అని అలవాటుగా రాసేస్తాం. వాడు బాధపడుతున్నాడని మనకెవరు చెప్పారు? 'ఆటిజం ఉన్న బాబు' అంటే చాలు. 'ఆటిస్టిక్' అనే మాటనే కోరుకునే వాళ్లూ ఉన్నారు, వాళ్లను వాళ్లకు నచ్చినట్టే పిలవాలి. పోల్చేటప్పుడు 'మామూలు పిల్లలు' అనకుండా 'ఆటిజం లేని పిల్లలు' అనండి. ఇక 'ఆత్మహత్యకు పాల్పడ్డారు' అన్న మాట. నేరానికి పాల్పడతారు, మోసానికి పాల్పడతారు. బతకలేనంత బాధలో ఉన్న పిల్లల గురించి ఆ క్రియ వాడటం నాకు మనసొప్పదు. 'ఆత్మహత్యతో చనిపోయారు' అంటాను.

పాత పేర్లను మాత్రం తుడిచేయకండి. రేపు మీ విద్యార్థులు ఒక పాత ఫైలు తెరిస్తే అందులో ఆ పేర్లే ఉంటాయి. ఐసీడీ-11 2022 జనవరి 1న అమల్లోకి వచ్చినా, అంతకుముందు రాసిన రికార్డులు మారిపోవు కదా. నేను ప్రతి యూనిట్ మొదట్లో పాత పేరు, కొత్త పేరు, మారిన ఏడాది, కారణం రాసిన ఒక పేజీ పెడతాను. పిల్లలు పరీక్షకు ముందు మొదట చదివేది అదేనట.

మూడు వారాల్లో అన్నీ అవ్వవు. మేధో వైకల్యం, ఆటిజం, ఏడీహెచ్‌డీ, సెలెక్టివ్ మ్యూటిజం యూనిట్లు ముందు చూడండి. మిగతావి క్లాసులు నడుస్తుండగా దిద్దుకోవచ్చు. ప్రశ్నల బ్యాంకు మాత్రం ఇప్పుడే తెరవండి. ఆ ఏడాది నేను దాని జోలికే వెళ్లలేదు. 'ఏడీడీకీ ఏడీహెచ్‌డీకీ తేడాలు రాయండి' అన్న ప్రశ్న అలాగే పేపర్లోకి వచ్చేసింది. ఏడీడీ అన్నది 1980 నాటి పేరు, 1987లోనే అది ఏడీహెచ్‌డీగా మారింది. క్లాసులో శ్రద్ధగా విన్న పిల్లలే ఆ ప్రశ్న చూసి ఏం రాయాలో తెలియక టెన్షన్ పడ్డారు. చివరికి ఆ ప్రశ్నకు అందరికీ పూర్తి మార్కులు వేయించాను.