రివాల్వర్‌కు బీగం ఉంటే చాలా?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఈ మధ్య స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్ కొన్నాడు. సిలిండర్ తెరిచే మీట పైన చిన్న తాళంచెవి రంధ్రం ఉంది. ‘బీగం ఉన్నది ఎందుకు కొన్నావు, కాల్చేటప్పుడు దానంతటదే పడి తుపాకీ బిగుసుకుపోతుంది’ అని అక్కడి స్నేహితులు భయపెడుతున్నారట. ఇంట్లో మూడేళ్ళ మనవడున్నాడు. బీగం ఉంటే మంచిదే కదా అని మా ఇంట్లోవాళ్ళు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: స్నేహితులు చెప్పింది కట్టుకథ కాదు గానీ, మీ అబ్బాయి దగ్గరున్న మోడల్‌కు పెద్దగా వర్తించదు. మనవడి విషయంలో మాత్రం ఆ రంధ్రాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ముందు అది ఎలా పనిచేస్తుందో చూడండి. రంధ్రంలో తాళంచెవి పెట్టి బీగం వేసే వైపు తిప్పితే, లోపల హ్యామర్ (తూటాను పేల్చడానికి దెబ్బ కొట్టే ముక్క) పక్కనున్న పలచని ఉక్కు రేకు పైకి లేస్తుంది. దాని మీది బొడిపె హ్యామర్‌కున్న గాడిలో కూర్చుంటుంది. ఇక హ్యామర్ కదలదు, ట్రిగ్గర్ వెనక్కి రాదు. మామూలుగా ఆ రేకును కిందికి పట్టి ఉంచేది ఒక సన్నటి స్ప్రింగు. గొడవంతా దాని దగ్గరే. తుపాకీ బాగా తేలిక, తూటా బాగా బలమైనది అయితే కాల్చిన ప్రతిసారీ ఫ్రేమ్ చేతిలో గట్టిగా ఎగురుతుంది. ఆ కుదుపుకు రేకు పైకి జరిగి హ్యామర్‌ను పట్టేసిందని ఫిర్యాదులు వచ్చాయి. అవి ఎక్కువగా స్కాండియం, టైటానియం లాంటి తేలిక లోహాలు వాడి, మాగ్నమ్ అనే బలమైన తూటాలు కాల్చే .357, .44 రివాల్వర్ల గురించే. 642 కూడా తేలికదే, సుమారు 410 గ్రాములు. కానీ కాల్చేది .38 స్పెషల్ అనే మామూలు తూటా. మాగ్నమ్ కుదుపు వేరు, దీని కుదుపు వేరు. అనుమానం తీరాలంటే మీ అబ్బాయి ఇంట్లో పెట్టుకునే రకం తూటాలనే రేంజ్‌లో ఒక 100 కాల్చి చూడాలి. చవక ప్రాక్టీసు తూటాలతో చూస్తే ఏమీ తెలియదు. అప్పటికీ మనసు కుదరకపోతే ఇదే 642 బీగం లేకుండా కూడా దొరుకుతుంది, మార్చుకోవచ్చు. బీగాన్ని ఇంట్లో ఊడదీసే పని మాత్రం పెట్టుకోవద్దని చెప్పండి.

అక్కడి తుపాకీదారుల కోపంలో సగం రాజకీయం. 2000 మార్చిలో ఆ కంపెనీ క్లింటన్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, లోపలే బీగం పెడతానని ఒప్పుకుంది. కొనేవాళ్ళు వెలివేసినంత పని చేశారు. 1987లో 11.25 కోట్ల డాలర్లు పోసి కొన్న టామ్‌కిన్స్ సంస్థ 2001 మేలో దాన్ని 1.5 కోట్లకే వదిలించుకుంది. కొన్న సేఫ్-టి-హ్యామర్ వాళ్ళ వ్యాపారమే తుపాకీ తాళాలు! ఆ తర్వాత రంధ్రం వచ్చింది. ఇప్పటికీ దాన్ని ‘హిల్లరీ రంధ్రం’ అని వెక్కిరించేవాళ్ళున్నారు. పాత మోడళ్ళ అందం పోయిందని బాధపడేవాళ్ళు మరికొందరు. అందం సంగతి వాళ్ళిష్టం. అందరూ ఒకే పద్ధతి పాటించలేదు కూడా: టారస్ కంపెనీ బీగాన్ని హ్యామర్ వెనక పెట్టింది, రూగర్ తన న్యూ వకేరోలో పిడి చెక్క కింద దాచింది. పిడి కింద ఉన్నది బయటికి కనిపించదు కాబట్టి దాని మీద గోల తక్కువ. రోజూ పిడి విప్పి బీగం వేసేవాళ్ళు ఎంతమంది ఉంటారన్నది వేరే సంగతి.

ఇక మనవడు. ఇంటి రక్షణకని కొన్న తుపాకీకి రాత్రిపూట ఎవరూ ఆ బీగం వేయరు. చీకట్లో అంత చిన్న చెవిని అంత చిన్న రంధ్రంలో పెట్టి తిప్పడం అయ్యే పని కాదు. అంటే బీగం అవసరమైన వేళకే అది తీసి ఉంటుంది. ఒక్క లాగుతోనే హ్యామర్‌ను లేపి వదిలే ఇలాంటి (డబుల్ యాక్షన్) ట్రిగ్గర్ లాగడానికి సుమారు 5 కిలోల బలం కావాలి, పసివాడి వల్ల కాదులే అనుకోవద్దు. పిల్లలు తుపాకీని తమ వైపు తిప్పుకుని రెండు బొటనవేళ్ళతో నొక్కుతారు. ఆ బలం వాళ్ళకుంటుంది. కాబట్టి అంకెల బటన్లతో తెరుచుకునే చిన్న స్టీలు పెట్టె కొని, మంచానికో గోడకో బోల్టులతో బిగించమనండి. బిగించని పెట్టెను దొంగ చంకన పెట్టుకుని పోతాడు. ఊరికెళ్ళేటప్పుడు తూటాలు తీసి, రంధ్రంలో బీగం కూడా వేసి, అదే పెట్టెలో పెట్టాలి. లోపలి బీగం ఎందుకైనా పనికొస్తుందంటే దీనికే. టెక్సస్ చట్టం ప్రకారం 17 ఏళ్ళలోపు పిల్లలకు తూటాలున్న తుపాకీ అందేలా వదిలేయడం నేరమని కూడా మీ అబ్బాయికి గుర్తుచేయండి.

ప్రశ్న: నా దగ్గర కాన్పూరులో చేసిన .32 రివాల్వర్ ఉంది. దానికి లోపలి బీగం లేదు. బయటి తాళం ఏది వేస్తే మంచిది?
— పొగాకు వ్యాపారి, ఒంగోలు

జవాబు: కేబుల్ తాళం. ట్రిగ్గర్ గార్డుకు రెండువైపులా బిగించే రకం వద్దు. దాని అడ్డకడ్డీ ట్రిగ్గర్ ముందు నుంచి వెళ్తుంది. తూటాలున్న రివాల్వర్‌కు వేసినా తీసినా అది ట్రిగ్గర్‌ను నొక్కే ప్రమాదం ఉంది. ఖాళీ తుపాకీకి వేస్తే ప్రమాదం లేదు, కానీ మనిషన్నాక ఒకరోజు మరిచిపోతాడు. కేబుల్‌లో ఆ మరుపుకు చోటే లేదు. తూటాలు తీయకుండా కేబుల్ పట్టదు.

మీది వెబ్లీ పద్ధతిలో మధ్యకు విరిచి తెరిచేది. గొట్టాన్ని మనుషులు లేని వైపు పెట్టి పూర్తిగా విరవండి. సగం విరిచి ఆపితే ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేపిన తూటా ఒక్కోసారి దాని కిందికి జారి అక్కడే ఉండిపోతుంది. ఆరూ లెక్కపెట్టి పక్కన పెట్టాక, సిలిండర్‌లో తూటాలు కూర్చునే ఒక్కో గదిలోకి చూసి, చిటికెనవేలితో తడిమి చూడండి. తర్వాత గొట్టానికి ఎదురుగా ఉన్న గదిలోంచి కేబుల్ దూర్చి గొట్టం చివర బయటికి లాగి, రెండు కొసలూ తాళంలో కలపండి. రివాల్వర్ ఇక మూసుకోదు. ప్రబల్ లాంటి సిలిండర్ పక్కకు వాలే రకమైతే సిలిండర్ వాల్చి, అది కూర్చునే ఖాళీలోంచే కేబుల్ తీయొచ్చు, గొట్టంలోకి పోనక్కర్లేదు.

కొనేటప్పుడు కేబుల్ మందం చూసుకోవాలి. .32 గొట్టం లోపలి వెడల్పు 8 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ప్లాస్టిక్ తొడుగుతో కలిపి 6 మిల్లీమీటర్లు దాటితే బిగుసుకుంటుంది. తొడుగు చిరిగిన కేబుల్ గొట్టం అంచును గీరుతుంది, గురి పోతుంది. తొడుగు చిరిగిన రోజే పారేయండి. తూటాలు వేరే అరలో, వేరే తాళంతో ఉండాలి. లైసెన్సు తీసుకునేటప్పుడు ఆయుధాన్ని భద్రంగా దాస్తానని మీరు రాసిచ్చిన హామీకి అర్థం ఇదే. ఇంటిల్లిపాదీ తీసే బీరువాలో చీరల కింద పెట్టడం భద్రం కాదు.

ప్రశ్న: మాకు సముద్రం ఒడ్డున రొయ్యల చెరువులున్నాయి. షెడ్డులో పెట్టిన కేబుల్ తాళం ఆరు నెలలకే తిరగడం మానేసింది. రివాల్వర్ గొట్టంలో కూడా గోధుమరంగు చుక్కలు కనిపిస్తున్నాయి. కొబ్బరినూనె రాస్తున్నాం.
— కొత్తపట్నం రైతు

జవాబు: కొబ్బరినూనె ఆపేయండి. నిలవుంటే పులుస్తుంది, చలికాలం గడ్డకడుతుంది, ఉప్పుగాలిలోని దుమ్మును జిగురులా పట్టుకుంటుంది. తాళం తిరగనప్పుడు చెవిని బలవంతంగా తిప్పితే అది లోపలే విరుగుతుంది. పాత జిడ్డును కరిగించే స్ప్రే రంధ్రంలో కొట్టి, పది నిమిషాలు ఆగి, చెవిని లోపలికీ బయటికీ ఆడించి, మెత్తటి గుడ్డతో తుడిచాక గ్రాఫైట్ పొడి కొద్దిగా ఊదండి. అలాంటి స్ప్రే తూటాల దగ్గర మాత్రం వాడొద్దు. ప్రైమర్‌లోకి (తూటా అడుగున నిప్పు పుట్టించే బిళ్ళ) ఇంకితే తూటా పేలదు.

గోధుమరంగు చుక్కలకు కారణం గొట్టంలోనే వదిలేసిన కేబుల్. ప్లాస్టిక్ తొడుగుకూ గొట్టం గోడకూ మధ్య చెమ్మ నిలిచిపోతుంది. సముద్రం పక్కన ఉన్నవాళ్ళు పదిహేను రోజులకోసారి కేబుల్ తీసి, గొట్టాన్ని ఇత్తడి బ్రష్‌తో తుడిచి, తుపాకీ నూనె అద్దిన గుడ్డముక్క ఒకసారి, పొడి గుడ్డ ఒకసారి లాగాలి. తుపాకీ నూనె దొరక్కపోతే కుట్టుమిషను నూనె నయం. తోలు ఒరలో పెట్టి దాచకండి, తోలు చెమ్మను పీల్చి ఇనుముకు అంటిస్తుంది. పెట్టెలో 100 గ్రాముల సిలికా జెల్ సంచి వేయండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు వేడిచేస్తే మళ్ళీ పనికొస్తాయి. అసలు షెడ్డులో పెట్టడమే బాగాలేదు. ఇంటికి తెచ్చుకోండి.

ప్రశ్న: విదేశం నుంచి వచ్చిన బంధువు దగ్గర కొన్న రివాల్వర్‌కు లోపలి బీగం ఉంది. తాళంచెవి పోయింది. మా క్వారీ లేతు మెషిన్ కుర్రాడు తీసేస్తానంటున్నాడు. నాకు తీరిక లేదు, మేనేజర్‌తో పంపొచ్చా?
— చీమకుర్తి

జవాబు: లేతు దగ్గరికి వద్దు. ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు కావాలి. ఆ కుర్రాడికి అది లేకపోతే ఇద్దరూ ఇరుక్కుంటారు. లైసెన్సున్న డీలర్ దగ్గరికి పంపేటట్లయితే, 3వ సెక్షన్‌లోనే వెసులుబాటు ఉంది: మరమ్మతు కోసం మీ రాతపూర్వక అనుమతితో లైసెన్సు లేని మనిషి కూడా తీసుకెళ్ళవచ్చు. చీటీలో రివాల్వర్ నంబరు, మీ లైసెన్సు నంబరు, తేదీ, ఎక్కడికి, ఎందుకు అన్నీ రాసి సంతకం పెట్టండి. తూటాలు పంపకండి. ముందుగా మోడల్ పేరు, సీరియల్ నంబరు చెప్పి తయారీ కంపెనీ నుంచి మరో తాళంచెవి దొరుకుతుందేమో డీలర్‌ను కనుక్కోమనండి. ఊడదీయడం కన్నా అది చవక. బంధువు దగ్గర కొన్నానంటున్నారు. ఆ రివాల్వర్ మీ లైసెన్సులో ఎక్కిందా? ఎక్కకపోతే మరమ్మతు కన్నా ముందు చూడాల్సింది అదే.

ప్రశ్న: ఎన్నికల నోటిఫికేషన్ రాగానే స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. బీగం వేసి ఇవ్వాలా? తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?
— పొదలకూరు

జవాబు: స్టేషన్‌లో నంబరు సరిచూసుకోవడానికి, ఖాళీగా ఉందని నిర్ధారించుకోవడానికి తెరిచి చూస్తారు. కాబట్టి తూటాలు తీసి, విడిగా సంచిలో లెక్కకట్టి, తాళం వేయకుండా తీసుకెళ్ళండి. వాళ్ళ కళ్ళ ముందే చూపించాక కేబుల్ వేయొచ్చా అని అడగండి. ఒప్పుకుంటే తాళం వేసి, చెవి మీరే ఉంచుకోండి. రసీదులో ఆయుధం నంబరు, తూటాల సంఖ్య, కేబుల్ ఉన్న సంగతి మూడూ ఉండాలి. డిపాజిట్‌కు ముందు రోజు గొట్టానికి నూనె పూత మామూలుకన్నా కాస్త మందంగా వేసుకోండి, తిరిగొచ్చేదాకా తుడిచేవాళ్ళుండరు. వెనక్కి తెచ్చుకున్నాక మొదటిసారి కాల్చే ముందు ఆ నూనెను పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి.