స్వరూపకి, రెండో కీమోకి ముందు

అమ్మాయ్ స్వరూపా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మొదటి కీమో అయ్యాక నాలుగు రోజులు మంచం దిగలేదట, పోపు వాసన వస్తేనే కడుపులో తిప్పుతోందట. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది. లక్ష్మణ ఫలం ఎక్కడ దొరుకుతుంది, పసుపు క్యాప్సూల్స్ మంచివేనా, గోధుమ గడ్డి రసం పరగడుపున ఇవ్వొచ్చా అని. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు వస్తే ఊరంతా వైద్యులే. ఫోన్లో చెబితే మీ అమ్మ సగమే వింటుంది, అందుకే నీకు రాస్తున్నాను. చదివి వినిపించు.

నా రొమ్ము కేన్సర్ ట్రీట్‌మెంట్ అయి తొమ్మిదేళ్లయింది. నీకు రాసిన మందులే నాకూ ఇచ్చారు. ఆపరేషన్ తర్వాత మూడు వారాలకోసారి నాలుగు ఎర్ర కీమోలు (మందు రంగే ఎరుపు), ఆపైన వారం వారం పాక్లిటాక్సెల్ అనే కీమో మందు పన్నెండుసార్లు. ముందు నేను చేసిన తప్పు చెప్పనీ.

రెండో కీమో తర్వాత మీ మామయ్య స్నేహితుడొకాయన మమ్మల్ని ఒక మూలికల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన నా రిపోర్టులు తెరిచి కూడా చూడలేదు. నాడి పట్టుకుని, "కీమో వేడిని ఇది లాగేస్తుందమ్మా" అంటూ ఒక పొడి చేతిలో పెట్టాడు. నెలకి ఎనిమిది వేలు. డబ్బా మీద పేరు లేదు, అందులో ఏమేం కలిపారో లేదు. బూడిద రంగు పొడి, తేనెలో కలుపుకుని నాకితే నాలుక మొద్దుబారేది. పద్దెనిమిది రోజులు తిన్నాను. మూడో కీమోకి వెళ్తే రక్త పరీక్షలో ఎస్‌జీపీటీ, అంటే లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైమ్, మూడు వందలు దాటింది. కీమో ఆపేశారు. "ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టరుగారు అడిగితే నేనూ మీ మామయ్యా ఒకేసారి "ఏం లేదండీ" అన్నాం. ఆయన వెళ్లాక బీపీ చూడడానికి వచ్చిన సిస్టరమ్మ గొంతు తగ్గించి, "అమ్మా, పొడా, కషాయమా?" అంది. అప్పుడు ఏడ్చేశాను. పొడి మానేశాక లివర్ దారిలో పడడానికి మూడు వారాలు పట్టింది. పెరిగింది పొడివల్లో కీమోవల్లో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. మూడు వారాలు వెనకబడ్డది మాత్రం నేనే.

అప్పట్నుంచి నాదొకటే లెక్క. నోట్లోకి వెళ్లేది ఏదైనా ముందు డాక్టరుకి చూపించాలి. ఒంటితోనూ ఊపిరితోనూ చేసుకునేవి చాలావరకు మన చేతిలోవే.

ఎందుకంటే చాలా మందుల్ని విరగ్గొట్టి బయటికి పంపే భారం లివర్ మీదే పడుతుంది. దానికి ఇంకో పని పెడితే తికమకపడుతుంది. గ్రేప్‌ఫ్రూట్ గానీ మన పంపర పనస గానీ తింటే మందుల్ని విరిచే ఎంజైమ్‌కి అడ్డం పడి, కొన్ని మాత్రలు ఒంట్లో ఉండాల్సినదానికన్నా ఎక్కువైపోతాయి. పండే కదా అనుకుంటాం! కూరలో వేసే పసుపుకి ఏ అడ్డూ లేదు. క్యాప్సూల్స్ సంగతి వేరు, అవి వాడినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్నది. తిప్పతీగ విషయంలోనూ ముంబై డాక్టర్లు 2021లో ఇలాంటి కేసులే బయటపెట్టారు. లక్ష్మణ ఫలం ల్యాబులో కణాల మీద పనిచేసిందంటారు గానీ మనుషుల్లో రుజువు లేదు. పైగా గ్వాడెలూప్ అనే కరీబియన్ దీవిలో ఆ పండూ, దాని ఆకుల టీ బాగా అలవాటున్నవాళ్లలో పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బు కనిపించిందని 1999లోనే డాక్టర్లు రాశారు. గోధుమ గడ్డి రసం పచ్చిది. కీమో అయిన వారం నుంచి రెండు వారాల దాకా ఇన్‌ఫెక్షన్లని ఆపే నీ తెల్లకణాలు అడుగంటి ఉంటాయి, ఆ రోజుల్లో ఉడకనిది నోట్లో పెట్టకు.

మీ బాబాయి "అసలు కీమోనే మానేసి ప్రకృతి వైద్యానికి పోదాం" అన్నాడని కూడా విన్నాను. అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్లు 2018లో లెక్క తీశారు. అసలు వైద్యం వదిలి ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్నవాళ్లకి చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు ఉంది. ఆయనకి ఈ ఒక్క ముక్క చాలు.

ఇక వాంతుల సంగతి. మాత్ర రాసిచ్చిన టైముకి వేసుకో, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఆలస్యమే. దానికి తోడు అల్లం కొంతమందికి పనిచేస్తుంది. నాకు పనిచేసింది. వేలి గోరంత ముక్క దంచి మరిగించిన నీళ్లు, గోరువెచ్చగా, గుక్కెడు గుక్కెడు. క్యాప్సూల్స్ జోలికి పోకు, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడినప్పుడు ఎక్కువ అల్లం మంచిది కాదు.

వికారం తగ్గడానికి నొక్కే చోటొకటి మణికట్టు దగ్గర ఉంది. అందరికీ ఒకేలా పనిచెయ్యదు, కానీ నొక్కి చూస్తే పోయేదేమీ లేదు. అరచెయ్యి నీవైపు తిప్పి, రెండో చేతి మూడు వేళ్లు మణికట్టు గీత కిందుగా అడ్డంగా ఆనించు. ఉంగరపు వేలు గీతకి తగలాలి, చూపుడు వేలు మోచేతి వైపు. ఆ చూపుడు వేలి అంచున రెండు తీగల్లాంటివి తేలతాయి, వాటి మధ్య పల్లంలో బొటనవేలు పెట్టి రెండు మూడు నిమిషాలు గుండ్రంగా నొక్కు. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వదిలెయ్, రెండో చేతికి చాలు. బస్సులో నేను చీర కొంగు కింద నొక్కుకుంటూ కూర్చుంటే పక్కావిడ జపం చేసుకుంటున్నాననుకుని జరిగి కూర్చుంది.

వాంతి మాత్రకి మలబద్ధకం వస్తుంది, ఇది ముందే ఎవరూ చెప్పరు. పెరుగన్నం ఒక్కటే తింటే ఇంకా బిగుస్తుంది. నీళ్లు బాగా తాగు, మూడో రోజుకీ కదలకపోతే అడిగి మందు వేసుకో.

మూడు కీమోలయ్యేసరికి ఒక తమాషా మొదలవుతుంది. హాస్పిటల్ మలుపు తిరిగి ఫినాయిల్ వాసన తగలగానే, సూది పడకముందే కడుపులో దేవుతుంది. అది మనసు నేర్చుకున్న వికారం, దానికి మాత్ర అంతగా పనిచెయ్యదు. ముందు రోజు రాత్రి, ఆ రోజు కుర్చీలో కూర్చున్నాక కళ్లు మూసుకో. కాలి వేళ్ల దగ్గర మొదలుపెట్టి ఒక్కో భాగాన్ని బిగించి వదులుతూ తల దాకా రా. ఊపిరి వదలడం పీల్చడంకన్నా నెమ్మదిగా ఉండాలి. ఇప్పట్నుంచే అలవాటు చేసుకో, వచ్చాక మొదలుపెడితే కుదరదు. యోగా పేరుతో కపాలభాతి, శీర్షాసనం మాత్రం వద్దు.

అలసట గురించి మీ అమ్మకి గట్టిగా చెప్పాలి. పడుకుంటే పోయే అలసట కాదిది, పడుకుంటే పెరిగేది. కొంచెం కొంచెం నడిస్తేనే తగ్గుతుందని డాక్టర్లందరూ ఒప్పుకున్న మాట. మొదట నేను వరండాలో నాలుగు చుట్లు తిరిగేదాన్ని. నాలుగో చుట్టుకి గోడ పట్టుకునేదాన్ని. నెల తిరిగేసరికి పాలకేంద్రం దాకా వెళ్లొచ్చాను.

నోటికి ఉప్పు, సోడా నీళ్లు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా. తిన్న ప్రతిసారీ పుక్కిలించు. పుళ్లు పడ్డాక ఆవకాయ వైపు చూడకు, నేను చూసి ఏడ్చాను. నోరు ఇనుము రుచి కొడితే స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్‌ది వాడు.

పాక్లిటాక్సెల్ మొదలయ్యాక వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి, గోళ్లు నల్లబడతాయి. మందు ఎక్కుతున్నంతసేపూ చేతులకీ కాళ్లకీ చల్లటి గ్లవ్స్ పెడితే కొందరికి తగ్గుతుంది, మీ హాస్పిటల్లో ఉన్నాయేమో అడుగు. కానీ చల్లదనం అందరికీ కాదు. నా పక్క మంచం మీద పెద్దపేగు కేన్సర్ ఆవిడ ఉండేది, ఆక్సాలిప్లాటిన్ ఎక్కించేవారు. ఒకరోజు ఫ్రిజ్ నీళ్లు గుక్కెడు తాగి గొంతు పట్టేసినట్టై హడలిపోయింది. ఆ మందుకి చల్లనిది తగలకూడదు. అందుకే పక్కవాళ్లది చూసి మనం చెయ్యకూడదు, నేను చేసింది చూసి నువ్వు కూడా.

మీ అమ్మ కాళ్లకి నూనె రాస్తానంటే రాయనీ, మెల్లగా. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడూ, ఒక కాలే వాచినప్పుడూ ముట్టుకోనివ్వకు. జ్వరం 100.4 డిగ్రీలకి చేరితే మాత్రం ఈ ఉత్తరంలో ఉన్నదంతా పక్కనపెట్టి, అర్ధరాత్రైనా సరే హాస్పిటల్‌కి వెళ్లిపోవాలి. మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకోకు.

మీ అమ్మకి ఏదో ఒకటి చెయ్యాలని ఉంది, ఊరికే కూర్చోలేదు. ఆ సోడా నీళ్లు కలపడం ఆవిడకి అప్పగించు, రోజూ తాజాగా కలపాలి. నువ్వేం వేసుకుంటున్నావో నోటుబుక్కులో రాసి డాక్టరు ముందు పెట్టేది కూడా ఆవిడే. పసుపు క్యాప్సూల్స్ కొనేసి ఉంటే వాటినీ రాయమను, దాచొద్దు.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తాను. పోపు వాసన పడదంటున్నావు కాబట్టి వంట పెరట్లో పొయ్యి మీద నేనే చేస్తాను.

మీ అత్త